రిషి రెడ్డి

రిషి రెడ్డి హైదరాబాదులో జన్మించిన అమెరికన్ ఆంగ్ల రచయిత్రి, పర్యావరణ న్యాయవాది. "కర్మ అండ్ అదర్ స్టోరీస్" (2007) అనే కథాసంపుటి, "పాసేజ్ వెస్ట్" (2020) అనే నవల ఈమె ప్రధాన రచనలు. మొదటిది అమెరికాలో స్థిరపడిన తెలుగువారి కుటుంబాలను, రెండవది అంతకు చాలాకాలం ముందు కాలిఫోర్నియా చేరిన పంజాబీ రైతులను చిత్రిస్తాయి. వలస వెళ్ళినవారు తమవారితో కలిసి బ్రతకడం వారి ఇష్టాయిష్టాలపైనే కాక, ఆనాటి చట్టాలపై కూడా ఎంతగా ఆధారపడి ఉంటుందో ఈ రెండు పుస్తకాలను కలిపి చదివినప్పుడు బోధపడుతుంది.

జీవితం

ఈమె బాల్యం బ్రిటన్‌లోను, అమెరికాలోను గడిచింది. న్యాయశాస్త్రం అభ్యసించి, మసాచుసెట్స్ రాష్ట్రంలో పర్యావరణ చట్టాల రంగంలో పనిచేస్తూ రచనా వ్యాసంగం కొనసాగించింది. ఈమె వ్రాసిన "జస్టిస్ శివరామమూర్తి" అనే కథ 2005 సంవత్సరపు "బెస్ట్ అమెరికన్ షార్ట్ స్టోరీస్" సంకలనానికి ఎంపికైంది. ఆ సంకలనానికి నవలా రచయిత మైకేల్ షాబోన్ సంపాదకుడు. "కర్మ" సంపుటికి 2008లో ఎల్.ఎల్. విన్‌షిప్/పెన్ న్యూ ఇంగ్లండ్ పురస్కారం లభించింది.

కర్మ అండ్ అదర్ స్టోరీస్

ఈ సంపుటిలో 7 కథలు ఉన్నాయి. చాలా కథలు బోస్టన్ పరిసరాలలోను, కొన్ని కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలోను, హైదరాబాదులోను జరుగుతాయి. "జస్టిస్ శివరామమూర్తి" కథలో శాకాహారియైన ఒక విశ్రాంత న్యాయమూర్తి అమెరికా ఫలహారశాలలో తెలియక గొడ్డుమాంసం తింటాడు. తనకు జరిగిన అపచారానికి న్యాయస్థానంలో పరిహారం కోరాలని తలపోస్తాడు. "బ్యాంగిల్స్" కథలో ఒక వితంతువు కుమారుని ఇంట అలవాటుపడలేక స్వగ్రామానికి తిరిగి వెళ్ళాలని నిశ్చయించుకొంటుంది. "లార్డ్ కృష్ణ"లో ఉపాధ్యాయుడు కృష్ణుని సైతానుతో పోల్చగా, మనసు నొచ్చుకొన్న విద్యార్థి చివరకు తండ్రి అభీష్టానికి విరుద్ధంగా ఆయనను క్షమిస్తాడు. "కర్మ" కథలో సంపన్నుడైన సోదరుడు ఇంటినుండి పంపివేయగా, ఉద్యోగం లేని ఒక ఆచార్యుడు నగరంలో గాయపడిన పక్షులను కాపాడుతూ ఉంటాడు.

ఇటువంటి కుటుంబాలు అమెరికాలో ఏర్పడడానికి 1965 నాటి వలస చట్టం ముఖ్య కారణం. ఆ చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దుచేసి, వృత్తి నైపుణ్యానికి, కుటుంబ సంబంధాలకు ప్రాధాన్యం ఇచ్చింది. అమెరికా పౌరసత్వం పొందిన సంతానం తమ తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేకుండా రప్పించుకొనే వీలు కలిగింది. కనుక పిల్లల ఇళ్ళలో వృద్ధుల ఒంటరితనం, ఆహార నియమాల విషయంలో ఇబ్బందులు, తరాల మధ్య అభిప్రాయభేదాలు కథావస్తువులు కాగలిగాయి.

పాసేజ్ వెస్ట్

ఈ నవలలోని పాత్రలకు ఆ సౌలభ్యం లేదు. 1914లో రామ్‌సింగ్ అనే యువకుడు ఆరెగాన్‌లో జరిగిన హింసనుండి తప్పించుకొని, మెక్సికో సరిహద్దునగల ఇంపీరియల్ లోయకు చేరుకొంటాడు. అక్కడ మిత్రుడు కరక్‌తో కలిసి కర్బూజా సాగులో భాగస్వామి అవుతాడు. భార్య, పసివాడైన కుమారుడు పంజాబులో ఉంటారు. సంపాదించనిదే తిరిగి వెళ్ళరాదన్న బాధ్యత అతనిని కట్టివేస్తుంది.

కథాకాలం నాటి చట్టాలు ఈ విధంగా ఉన్నాయి. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమిని కొనరాదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. 1920లో కౌలుకు తీసుకోవడాన్ని కూడా నిషేధించింది. 1917 నాటి చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని అధిక భాగంనుండి వలసలను నిలిపివేసింది. 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యంలో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. నవలలోని అమర్‌జీత్ కూడా అమెరికా సైనికుడే. 1946లో మాత్రమే భారతీయులకు పౌరసత్వార్హత, సంవత్సరానికి 100 మందికి ప్రవేశం లభించాయి. ఈలోగా ఎందరో పంజాబీలు భార్యాబిడ్డలకు దూరంగా ఉండిపోగా, మరికొందరు మెక్సికన్ స్త్రీలను వివాహమాడి అక్కడే స్థిరపడ్డారు.

విశిష్టత

అమెరికాలోని భారతీయుల గురించి వచ్చిన ఆంగ్ల కాల్పనిక సాహిత్యంలో ఎక్కువ భాగం 1965 తరువాత వచ్చిన విద్యావంతుల జీవితాలకు సంబంధించినది. రిషి రెడ్డి తొలి పుస్తకం ఆ కోవకు చెందినదే. రెండవ పుస్తకంలో ఈమె తన ప్రాంతానికి, భాషకు చెందని కౌలు రైతులను కథానాయకులుగా స్వీకరించింది. "కర్మ"లోని వృద్ధురాలు కుమారుని ఇల్లు విడిచి వెళ్ళాలని తానే నిర్ణయించుకొంటుంది. రామ్‌సింగ్ తరంవారికి మాత్రం భార్యాబిడ్డలతో అమెరికాలో ఒక ఇల్లు ఏర్పరచుకొనే దారినే చట్టం మూసివేసింది.