బొగ్గు బూడిదలో రేడియేషన్: చేలో చల్లే ముందు తెలుసుకోవలసినవి



పాల్వంచ, రామగుండం, పరవాడ లాంటి చోట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాల దగ్గర పొలాలున్నవారికి ఒక అనుమానం ఉంటుంది. "అణు కేంద్రం కన్నా బొగ్గు బూడిదలోనే రేడియేషన్ ఎక్కువట కదా, మరి చేలో చల్లవచ్చా?" అని. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

మన మట్టిలో ఉన్నట్టే బొగ్గులోనూ యురేనియం, థోరియం ఉంటాయి. సాధారణంగా టన్నుకు కొన్ని గ్రాములే. బొగ్గు కాలిపోయాక అవి బూడిదలో మిగులుతాయి. చెరకు రసం కాస్తే నీరు పోయి బెల్లం మిగిలినట్టన్నమాట. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే కాబట్టి, బొగ్గులో కంటే బూడిదలో వాటి మోతాదు రెండు మూడు రెట్లు పెరుగుతుంది.

1978లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఒక లెక్క కట్టారు. సక్రమంగా నడిచే అణు కేంద్రంతో పోలిస్తే, అంతే కరెంటు తీసే బొగ్గు కేంద్రం పొగ వల్ల చుట్టుపక్కల వారికి అందే రేడియేషన్ తక్కువేమీ కాదని తేలింది. అయితే నేల నుంచి, ఆకాశం నుంచి సహజంగా మనకు ఏటా అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. దాని ముందు ఈ రెండూ స్వల్పమే.

ఆ లెక్కలో ప్రమాదాలు లేవు. అసలు తేడా అక్కడే ఉంది. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా ప్రమాదాల తర్వాత అక్కడి రైతులు పాలు పారబోశారు, ఊళ్లు వదిలారు. ఫుకుషిమాలో పొలాల పైమట్టిని గీకి తీయాల్సి వచ్చింది. నేలలో పడిన సీజియం 137 సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. బూడిద వల్ల అలాంటి స్థితి రాదు.

అలాగని బూడిద మంచిదని చెప్పడం లేదు. నా ఉద్దేశంలో రైతు భయపడాల్సింది దాని రేడియేషన్‌కు కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటి ధూళికి, అందులోని ఆర్సెనిక్, సీసం, బోరాన్‌లకు. బూడిద చెరువు నుంచి పొంగి వచ్చే నీటిని మడిలోకి రానివ్వకండి, పశువులకు తాగించకండి. బూడిద పడిన గడ్డిని కడిగి వేయండి.

తేలిక ఎర్ర నేలల్లో బూడిద వేస్తే తేమ నిలుస్తుందన్నది నిజమే. కానీ దానిలో నత్రజని దాదాపు ఉండదు, కాబట్టి పశువుల ఎరువుకు అది బదులు కాదు. చాలా రకాల బూడిదకు క్షారగుణం ఉంటుంది. చౌడు నేలల్లో వేయవద్దు. ముందు మట్టి, బూడిద రెండింటి నమూనాలు పరీక్ష చేయించి, ఉదజని సూచిక, బోరాన్, భార లోహాలు చూపించుకోండి. ఎంత వేయాలో కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడిగి, మొదటి ఏడాది రెండు మూడు సెంట్లలోనే వేసి చూడండి. చల్లేటప్పుడు బూడిదను తడపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, వెంటనే దున్ని మట్టిలో కలిపేయండి.