రేంజ్‌ఫైండర్‌తో యూరప్ యాత్ర: అపోహలు – వాస్తవాలు

పారిస్‌కో ప్రాగ్‌కో టికెట్లు చేతికొచ్చాయంటే, ఫొటోల మీద మక్కువ ఉన్నవాళ్లకు మొదట వచ్చే ఆలోచన కెమెరా గురించే. రేంజ్‌ఫైండర్ కొనాలన్న కోరిక చాలామందికి అప్పుడే పుడుతుంది. పాత పారిస్ ఫొటోలు, లైకా పేరు చుట్టూ అల్లుకున్న కథలు ఆ కోరికను పెంచుతాయి. ఆ కథల్లో నిజమెంతో తెలుసుకోకుండా కొంటే డబ్బు పోవడం ఒక ఎత్తు, అంత దూరం వెళ్లి ఫొటోలు చెడగొట్టుకోవడం మరో ఎత్తు.

ముందు ఈ కెమెరా పనితీరు తెలియాలి. ఎస్.ఎల్.ఆర్.లో మనం చూసేది లెన్స్ గుండా వచ్చి అద్దం మీద పడిన బొమ్మ. రేంజ్‌ఫైండర్‌లో కంటితో చూసే కిటికీ వేరు, బొమ్మను పట్టే లెన్స్ వేరు. కిటికీ మధ్యలో ఉన్న చిన్న గడిలో ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. ఫోకస్ రింగు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరకు జరుగుతాయి. కలిసి ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. లైకా ఈ ఏర్పాటును లెన్స్‌తో జతచేసింది 1932లో. 1954 నాటి ఎం3 నుంచి ఇప్పటి డిజిటల్ ఎం కెమెరాల దాకా సూత్రం ఇదే.

అపోహ: ఆ ఆకారంలో ఉన్నవన్నీ రేంజ్‌ఫైండర్లే.

కావు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100, లైకా క్యూ వంటివి ఆటోఫోకస్ కెమెరాలు. అలాగని తక్కువవేం కాదు. పిల్లాపాపలతో, టూర్ బస్సు వెంట పరుగులు తీస్తూ చూసే ఊళ్లకైతే వాటినే తీసుకెళ్లమంటాను.

అపోహ: యూరప్ వీధుల గొప్ప ఫొటోలన్నీ లైకాతో తీసినవే.

1930ల మొదట్లో పారిస్ రాత్రుల్ని చూపించిన బ్రసాయ్ వాడింది గాజు పలకల ఫోక్ట్‌లెండర్ కెమెరా, అదీ ట్రైపాడ్ మీద. రాబర్ట్ డాయినో చేతిలో రోలీఫ్లెక్స్ ఉండేది. 1968లో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చినప్పుడు జోసెఫ్ కౌడెల్కా తీసిన ఫొటోలు ఎక్సాక్టా అనే ఎస్.ఎల్.ఆర్.తో తీసినవి. హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ మాత్రం నిజంగానే లైకా మనిషి, చాలావరకు 50 ఎం.ఎం. లెన్స్ ఒక్కదానితోనే గడిపాడు. ఆయన ఫొటోలను ఎప్పుడూ కత్తిరించలేదన్న మాట కూడా పూర్తి నిజం కాదు. 1932లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీటి గుంట మీదుగా దూకుతున్న మనిషిని ఆయన చెక్కల కంచె సందులోంచి తీశాడు. ఆ సందు లెన్స్ పట్టేంత వెడల్పు లేదు. ఎడమ పక్క చెక్క అడ్డుపడింది. ఆ భాగాన్ని తర్వాత కత్తిరించాల్సి వచ్చింది.

అపోహ: కిటికీలో కనిపించినదే ఫొటోలో వస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. లెన్స్‌కు మూత ఉన్నా కిటికీలో లోకమంతా చక్కగా కనిపిస్తుంది, ఫిల్ము కెమెరాలో ఆ సంగతి రీలు కడిగించేదాకా తెలియదు. ఏ లెన్స్ పెట్టినా కిటికీలోని దృశ్యం మారదు, దాని మీద గీతల చట్రం మాత్రం మారుతుంది. ఎం3లో ఉన్నవి 50, 90, 135 గీతలు. దానికి మామూలు 35 ఎం.ఎం. లెన్స్ తగిలిస్తే పైన వేరే వ్యూఫైండర్ పెట్టుకోవాలి. ఎం6లో 28 నుంచి ఉన్నాయిగానీ, కళ్లజోడు ఉన్నవాళ్లకు మామూలు 0.72 రెట్ల వ్యూఫైండర్‌లో ఆ 28 గీతల అంచులు ఒక్క చూపులో అందవు. కళ్లద్దాలతో షాపులో పరీక్షించుకోకుండా 28 కొనవద్దు.

దగ్గరి వస్తువుల సంగతి మరొకటి. ఎక్కువ లెన్సులు 0.7 మీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ కావు, పాతవాటిలో చాలావాటికి ఒక మీటరు కావాలి. బల్ల మీది కాఫీ కప్పు మీద నురగను ఫ్రేము నిండా పట్టాలంటే ఇది పనికిరాదు. దానికి జేబులోని ఫోన్ చాలు.

అపోహ: రాత్రి ఫొటోలకు ఎఫ్/1.4 లెన్స్ లేకపోతే కుదరదు.

ఎఫ్/2కూ దానికీ ఉన్న తేడా ఒక్క స్టాపే. ఎగిరే అద్దం ఉండదు కాబట్టి, 35 ఎం.ఎం. లెన్స్‌తో సెకనులో 30వ వంతు దగ్గర కూడా చేయి నిలుస్తుంది. 400 ఐ.ఎస్.ఓ. ఫిల్ము, ఎఫ్/2, ఆ వేగం: దీపాలు బాగా వెలిగే వీధికి ఇది సరిపోతుంది. గోడకు ఆనుకుంటే 15వ వంతు దాకా దిగవచ్చు. పగలైతే పెద్ద అపర్చర్ ఉన్నా ఉపయోగం తక్కువ. పాత ఎం కెమెరాల షటర్ 1000వ వంతు దాటదు. 400 ఫిల్ముతో ఎండలో ఆ వేగానికి ఎఫ్/11 దాకా మూయాల్సిందే. 50 ఎం.ఎం. ఎఫ్/0.95 నాక్టిలక్స్ ఒక్కటే దాదాపు 700 గ్రాముల బరువు, పైగా కిటికీలో ఒక మూలను కప్పేస్తుంది. లెన్స్ కన్నా ముందు ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి. జూన్‌లో పారిస్‌లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పది కావస్తుంది. డిసెంబరులో సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది.

అపోహ: చేత్తో ఫోకస్ చేసేలోపు దృశ్యం పోతుంది.

ఈ కెమెరా బలం ఏమిటో తెలియనివాళ్ల మాట ఇది. 35 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర ఉంచి, దూరాన్ని మూడు మీటర్లకు పెట్టండి. సుమారు 1.9 మీటర్ల నుంచి 7.3 మీటర్ల వరకు అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ చేయాల్సిన పనే లేదు, కెమెరా ఎత్తి నొక్కడమే. ఐదు మీటర్లకు పెడితే రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా దాదాపు అంతా అందుతుంది. చాలా 35 లెన్సుల కింద వేలు ఆనించే చిన్న కొక్కెం ఉంటుంది. అది నిటారుగా కిందికి ఉంటే ఎంత దూరం, పక్కకు జరిపితే ఎంత అన్నది వేలికి అలవాటైపోతుంది. ట్రామ్ దిగుతున్న మనిషి ఫ్రేములోకి రాకముందే గీతల బయట కనిపిస్తాడు. అతను లోపలికి అడుగుపెట్టేసరికి మనం సిద్ధంగా ఉంటాం. ఏ ఆటోఫోకస్ అయినా ఇంతకన్నా ముందుండదు. కాకపోతే ఇది సాధనతో వచ్చే పని. మన ఊరి బజారులోనే నేర్చుకోవచ్చు.

అపోహ: లైకా కొనలేకపోతే రేంజ్‌ఫైండర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

40 ఎం.ఎం. ఎఫ్/1.7 లెన్స్ ఉన్న కెనాన్ కెనొనెట్ క్యూ.ఎల్.17 జి-త్రీ, యాషికా ఎలక్ట్రో 35 వంటి పాత కెమెరాలు లైకా ధరలో కొద్ది భాగానికే దొరుకుతాయి. వీటికి వాడిన పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు. కెనొనెట్‌కు వినికిడి యంత్రాల జింక్-ఎయిర్ బ్యాటరీ వాడుకోవచ్చు, లేదా మీటర్ వదిలేసి అంచనాతో తీయవచ్చు. యాషికాకు అడాప్టర్ కావాలి. ఏది కొన్నా లెన్స్ వెనక నుంచి టార్చి వేసి బూజు ఉందేమో చూడండి, విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో ఉన్న కెమెరాలకైతే మరీ ముఖ్యం. దూరాన ఉన్న సెల్ టవర్‌ను చూస్తూ లెన్స్‌ను అనంతానికి తిప్పితే కిటికీలోని రెండు బొమ్మలూ కచ్చితంగా కలవాలి. కలవకపోతే రిపేరు ఖర్చు ధరలో తగ్గించమనండి.

గుడ్డ షటర్ ఉన్న లైకాను లెన్స్ మూత లేకుండా ఎండకెదురుగా గది కిటికీ దగ్గర పెట్టకండి. అడ్డుగా అద్దం ఉండదు కాబట్టి సూర్యకిరణాలు నేరుగా పడి షటర్‌కు కన్నం పడుతుంది.

అపోహ: తక్కువ ఐ.ఎస్.ఓ. ఫిల్ముకు ఎయిర్‌పోర్టు యంత్రాల భయం లేదు.

పాత ఎక్స్‌రే యంత్రాల్లో ఒకటి రెండుసార్లు వెళ్తే పెద్దగా హాని ఉండదన్నది నిజమే. కొత్తగా వస్తున్న సి.టి. స్కానర్ల సంగతి వేరు. వాటిలో పెట్టవద్దని ఫిల్ము తయారీదారులే చెబుతున్నారు. చెక్-ఇన్ సామానులో అసలే వద్దు. రీళ్లను పారదర్శక సంచిలో వేసి చేత్తో తనిఖీ చేయమని అడగండి. యూరప్‌లో అన్నిచోట్లా ఒప్పుకోరు. అందుకని ఫిల్ము అక్కడే కొని, తిరుగు ప్రయాణానికి ముందు అక్కడే కడిగించడం మేలు.

అపోహ: వీధిలో ఎవరినైనా తీయవచ్చు.

దేశానికో చట్టం. హంగరీలో ఫొటో తీయడానికే అనుమతి కావాలి. జర్మనీలో గుర్తుపట్టేలా ఉన్న మనిషి ఫొటో ప్రచురించాలంటే సాధారణంగా ఆ మనిషి సమ్మతి ఉండాలి. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో కెమెరా తీయనివ్వరు. వద్దని చేయి అడ్డుపెట్టిన మనిషిని ఏ దేశంలోనైనా వదిలేయాలి.

ఒక బాడీ, 35 లేదా 50 ఎం.ఎం. ఎఫ్/2 లెన్స్ ఒకటి, విడి బ్యాటరీ, మెడకు బలమైన పట్టీ. ఇంతకు మించి యూరప్ నగరానికి మోయాల్సిన అవసరం లేదు. ఏది కొన్నా నేరుగా విమానం ఎక్కవద్దు. ఒక రీలు ఇక్కడే తీసి, కడిగించి, ఫోకస్ సరిగా పడిందని చూసుకున్నాకే సంచిలో పెట్టండి.