తీసిన చీటీ తిరిగి డబ్బాలోకి పోదు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉండే తెలుగువాళ్లకు రతన్‌పూర్ అంటే మహామాయ అమ్మవారి గుడి. ఆ ఊరి ఓటు కోటా శాసనసభ స్థానంలోకి వస్తుంది. కోటాతో కలిపి ఎనిమిది స్థానాలు ఒక్కటైతే బిలాస్‌పూర్ లోక్‌సభ నియోజకవర్గం.

ఇలాంటి ఒక్కో శాసనసభ స్థానంలో ఓట్ల లెక్కింపు చివర్లో పోలింగ్ బూత్‌ల నంబర్లు రాసిన చీటీలను మడిచి, డబ్బాలో వేసి కలిపి, ఐదు తీస్తారు. ఆ ఐదు బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులను, అంటే ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలను, ఓటింగ్ యంత్రం చూపిన అంకెలతో పోల్చి చూస్తారు. ఒకప్పుడు స్థానానికి ఒక్క బూత్‌నే చూసేవారు. సగం చూడాలని చంద్రబాబు నాయుడు, మరికొన్ని ప్రతిపక్షాల నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు ఆ సంఖ్యను ఐదుకు పెంచింది.

ఐదు సరిపోతాయా? లెక్క వేసి చూద్దాం. ఊహకు ఒక స్థానంలో 200 బూత్‌లు, వాటిలో తేడా ఉన్నవి 10 అనుకుందాం. ఐదు చీటీల్లో ఒక్కటీ తేడా ఉన్న బూత్‌ది కాకపోయే అవకాశం ఎంత?

మొదటి చీటీ మంచి బూత్‌ది అయ్యే అవకాశం 190/200. అలా అయితే ఇక మంచివి 189, మొత్తం 199. అందుకే రెండోసారి 189/199. తర్వాత 188/198, 187/197, 186/196. ఐదింటినీ గుణిస్తే సుమారు 0.77. అంటే తేడా మన కంట పడే అవకాశం 23 శాతమే.

తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేస్తే ప్రతిసారీ 190/200 అవుతుంది. అప్పుడూ జవాబు 0.77 దగ్గరే ఉంటుంది. డబ్బా పెద్దది కాబట్టి ఐదు చీటీల లోటు దానికి లెక్కలోకి రాదు. అదే 10 బూత్‌లు, 2 తేడావి అయితే? తిరిగి వేస్తే తేడా దొరకని అవకాశం 33 శాతం, వేయకపోతే 22 శాతం. తిరిగి వేస్తే ఒకే బూత్ మళ్లీ వచ్చి ఒక తనిఖీ వృథా కావచ్చు. వేయకపోతే ప్రతి చీటీ కొత్త బూత్‌నే చూపిస్తుంది.

ఇప్పుడు ఎనిమిది స్థానాలనూ చూడండి. ఒక్కో స్థానానిది ఒక్కో డబ్బా. ఒకదాని ఫలితం మరొకదాన్ని మార్చదు. అన్నింటిలోనూ 200 బూత్‌లకు 10 చొప్పున తేడా ఉందనుకుంటే, ఎక్కడా దొరకని అవకాశం 0.77ని ఎనిమిదిసార్లు గుణించినంత, దాదాపు 13 శాతం. దొరికే అవకాశం 87 శాతం! కానీ తేడా ఒక్క స్థానంలోనే ఉంటే అక్కడి ఐదు చీటీలే దిక్కు, అవకాశం మళ్లీ 23 శాతమే.

ఐదు చాలా, చాలవా అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉంది: తేడా ఎంత, ఎక్కడ అన్నది ముందు అడగాలి. ఆ తర్వాతిది బడిలో నేర్చిన భిన్నాల గుణకారమే. రతన్‌పూర్‌లో ఓటేసే ఎవరైనా కాగితం తీసుకుని వేసుకోగల లెక్క అది.