విద్వత్సభలకు సంఘముల ప్రాపు



హైదరాబాదునుండి మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు పోవు మర్రిచెట్ల బాట మీ రెరిగినదే. ఆ బాట చేరువను అజీజునగరు, చిలుకూరు, ఎన్కేపల్లి గ్రామములయందు ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. వానియందు కంప్యూటరు విద్య నభ్యసించు మన పిల్లలు అప్పుడప్పుడు, "అంతర్జాతీయ సభలో వ్యాసము చదువవలెను, రుసుము కట్టవలెను" అని ధన మడుగుచుందురు. ఆహ్వానపత్రముమీద నొక పెద్ద సంఘము పేరుండును. ఆ పేరు చూచి పైకము చెల్లింపవచ్చునా? ఇదియే నేటి ప్రసంగవిషయము.

ఈ సంఘములు ప్రభుత్వశాఖలు కావు. ఒక వృత్తియందున్నవారు చందాలు వేసికొని నడుపుకొను కూటములు. అమెరికాలో 1947లో అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీయు, 1963లో రెండు పాత సంఘముల కలయికచే ఐ.ఇ.ఇ.ఇ.యు ఏర్పడినవి. మనదేశమున 1965లో కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టినది. దాని వార్షికసభ 2014 డిసెంబరులో హైదరాబాదున జరిగినది.

అనేకశాస్త్రములందు క్రొత్తవిషయమును పత్రికలో ప్రకటించుట పరిపాటి. కంప్యూటరు శాస్త్రమున సభలో చదివి, సభాసంపుటమున అచ్చు వేయించుటకును అంతటి గౌరవము కలదు. వచ్చిన వ్యాసమును ఆ విద్యయందు ఆరితేరినవారు పరీక్షించి, తగినదైననే గైకొనవలెను. సభ విలువయంతయు ఈ పరీక్షయందే యున్నది.

సంఘము సభకు ప్రాపిచ్చుట రెండు తెరగులు. మన దేవుని ఉత్సవమును తలచుకొనుడు. ఉభయము పట్టినవాడు ఖర్చు భరించును. అర్చకుడు ధన మీయడు, పూజ యథావిధిగా జరుగునట్లు చూచును. అట్లే మొదటి తెరగున సంఘము సభయొక్క లాభనష్టములలో పాలుగొనును. రెండవ తెరగున పైక మీయక, వ్యాసముల యెన్నికలో పాలుగొని తన పేరు నిచ్చును. దీనినే సాంకేతిక సహకారమందురు. 2014 మే, జూన్ నెలలలో హైదరాబాదున జరిగిన అంతర్జాతీయ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మహాసభను పై రెండు అమెరికా సంఘముల శాఖలే పోషించినవి. అది మొదటి తెరగు. రెండవ తెరగున, సభలో చదివిన ప్రతి వ్యాసమును సంఘము తన గ్రంథాలయమున చేర్చునని పూచీ లేదు.

పెద్దపేరు ఒక్కటే చాలదు. 2005లో అమెరికాలో మువ్వురు విద్యార్థులు అర్థములేని వ్యాసములను అల్లు కంప్యూటరు ప్రణాళికను కల్పించిరి. వ్యాసమును చదువకయే గైకొను సభలు కలవని చూపుటయే వారి తలంపు. పిదప ఫ్రాన్సు దేశపు పండితుడు సిరిల్ లబ్బే, అట్టి వ్యాసములు 120కి పైగా సభాసంపుటములలో చేరియున్నట్లు కనిపెట్టెను. ఐ.ఇ.ఇ.ఇ.యు, స్ప్రింగర్ ప్రచురణసంస్థయు వానిని తొలగించిన సంగతి 2014లో వెల్లడియైనది. తూకపురాయిమీది ముద్ర రాతి బరువునకే సాక్ష్యము, తూచిన సరకు మంచిదనుటకు కాదు.

కనుక రుసుము చెల్లింపకమున్ను పిల్లలను మూడు ప్రశ్న లడుగుడు. ఆ సంఘము తాను ప్రకటించు సభలపట్టికలో ఈ సభ పేరున్నదా? సంఘ మిచ్చునది పైకమా, సాంకేతిక సహకారమా? వ్యాసమును చదివినవారు గుణదోషములు వ్రాసి పంపిరా? మూడవది అన్నిటికంటె ముఖ్యము. పంపిన రెండు దినములకే అంగీకారపత్రము వచ్చి, దానివెంట రుసుము గడువు వచ్చినచో సందేహింపవలెను. దోషములు చూపి త్రిప్పిపంపిన సభ మీ బిడ్డకు గురువువంటిది. దోష మెన్నక రుసుము గైకొనిన సభ యంగడి వంటిది. చేనులో కష్టపడి కూర్చిన పైకము గురువునకు చెందుట న్యాయము.