వివక్ష... 'ముంతాజ్'కు చుట్టమే!

సైట్‌లో పని బాగా కుదిరితే ముదీర్ నోట వచ్చే మాట 'ముంతాజ్'. స్లాబ్ లెవెల్ సరిగ్గా వస్తే ముంతాజ్, షట్టరింగ్ విప్పాక కాంక్రీటు నున్నగా ఉంటే ముంతాజ్. ఈ మెచ్చుకోలు మాటకూ, మనం బాధపడుతూ పలికే 'వివక్ష'కూ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

అరబ్బీలో వివక్షను 'తమ్యీజ్' అంటారు. మీమ్, యా, జాయ్... ఈ మూడక్షరాలు దాని మూలం. అర్థం వేరుచేయడం. ముంతాజ్ పుట్టిందీ, హైదరాబాద్‌లో వినిపించే ఇంతియాజ్ పేరు పుట్టిందీ అక్కడి నుంచే. ఇంగ్లీషు 'డిస్క్రిమినేషన్' కూడా లాటిన్‌లో తేడా కనిపెట్టడం అనే అర్థం నుంచే వచ్చింది. వేరుచేయడం తప్పేం కాదు. దేన్ని చూసి వేరుచేశారన్నదే అసలు సంగతి.

మన 'వివక్ష' కథ ఇంకా చిత్రం. సంస్కృతంలో దాని అర్థం 'చెప్పాలనే కోరిక'! తెలుగులో కులవివక్ష, లింగవివక్ష అంటూ స్థిరపడింది. పక్కనే 'విచక్షణ' ఉంది, అది మంచీచెడూ తెలుసుకోవడం. క్యాంపులో ఈ రెండూ కలిపేసి 'విచక్ష' అనే అన్నలూ ఉన్నారు. బాధ మాత్రం సరిగ్గానే అర్థమవుతుంది లెండి.

మేము సూపర్‌వైజర్లం రోజూ మనుషుల్ని వేరుచేస్తూనే ఉంటాం. కొత్త తమ్ముణ్ని ఎత్తు స్కాఫోల్డింగ్ ఎక్కించం, లైసెన్సు లేనివాడికి క్రేన్ అప్పగించం. ఇది విచక్షణ. మరి ఒకే ట్రేడు, ఒకే అనుభవం, ఒకే డ్యూటీ ఉన్నా జీతం పాస్‌పోర్టును బట్టి ఉంటే? టైంషీట్‌లో గంటలు సమానమే. పేస్లిప్పులు పక్కపక్కన పెడితేనే తేడా బయటపడుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 111వ ఒడంబడికలో ఈ మాటకు నిర్వచనం ఉంది. జాతి, రంగు, లింగం, మతం, రాజకీయ అభిప్రాయం, ఏ దేశ మూలాలవారు, సామాజిక నేపథ్యం... వీటిని చూసి పనిలో సమాన అవకాశం దెబ్బతీస్తే వివక్షే. పనికి నిజంగా కావాల్సిన అర్హత చూస్తే కాదు. దీన్ని భారత్ 1960లో, సౌదీ 1978లో ఆమోదించాయి. సౌదీ కార్మిక చట్టం 3వ అధికరణంలోనూ తమ్యీజ్ కూడదని ఉంది. లింగం, వైకల్యం, వయసు, మరే రూపంలోనూ వద్దంటుంది. అయితే అక్కడ సమానులని చెప్పింది 'పౌరుల' గురించి. ఇకామా మీద బతికేవాళ్లం మనం పౌరులం కాదు కదా!

అలాగని తప్పంతా పరాయి దేశం మీదే వేయడం న్యాయం కాదు. గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుల కనీస రిఫరల్ వేతనాలను 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వమే తగ్గించింది. సౌదీకి 324 డాలర్లు చాలంది. మన కష్టానికి మనవాళ్లే ధర తగ్గించాక వేరేవాళ్లు పెంచుతారా? తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జులైలో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. కానీ ఈలోగా రాసుకున్న అగ్రిమెంట్లలో అంకెలు వాటంతటవే మారవు.

ఇప్పుడు కాంట్రాక్టు 'కివా'లో మన ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ట్రేడు పేరు, బేసిక్ జీతం ఊళ్లో ఏజెంటు చూపిన కాగితంతో సరిపోయాయో లేదో చూసి గానీ ఒప్పుకోవద్దు తమ్ముడూ. పక్క బెడ్ అన్నను అడిగితే ఆయన జీతమెంతో కూడా తెలుస్తుంది.