సెలవుల తర్వాత బడి: చికాగో నగరంలో రెండు జనవరి నెలలు



క్రిస్మస్, సంక్రాంతి సెలవులు ముగిసి బడులు తెరిచే వారం పిల్లల ఓ.పి.లో కూర్చోవడానికి బల్ల దొరకదు. ఊళ్లకు వెళ్లి చుట్టాల పిల్లలతో కలిసి ఆడుకుని, ఒకే పరుపు మీద పడుకుని వచ్చిన పిల్లలు నాలుగు రోజుల్లో దగ్గు, జలుబు, జ్వరంతో వస్తారు. అదే దగ్గుతో బడికి వెళ్లి ఒక గదిలో నలభై మంది మధ్య కూర్చుంటారు. ఇది ఏ దేశంలోనైనా ఉన్నదే. కోవిడ్ రోజుల్లో మాత్రం ఈ ఒక్క వారం పెద్ద పెద్ద నగరాలను కూడా ఇబ్బంది పెట్టింది. అమెరికాలోని చికాగో నగరంలో 2021 జనవరిలోను, 2022 జనవరిలోను సెలవుల తర్వాత పిల్లలను బడికి రప్పించాలా, ఇంటి నుంచే చదివించాలా అనే తగువు వచ్చింది. రెండవసారి ఐదు పనిదినాలు అక్కడి పిల్లలకు బడీ లేదు, ఆన్‌లైన్ పాఠమూ లేదు.

మన పాఠకులలో చాలామందికి అమెరికాలో మనవలు ఉన్నారు. ఆ రోజుల్లో బి.పి. చూపించుకోవడానికి వచ్చిన పెద్దలు, "మనవడి బడి మళ్లీ మూసేశారటమ్మా, పిల్లవాడు ఏమైపోతాడు?" అని అడిగేవారు. ఆ సంగతిని ఒక నర్సు దృష్టితో వివరించాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఒక మాట తెలియాలి. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా వంటిది కాదు. ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ అది. దానికి సొంత బోర్డు, సొంత ఆదాయం, సొంత సెలవుల పట్టిక ఉంటాయి. చికాగో నగరమంతటికీ ఒకటే డిస్ట్రిక్ట్. 2021-22లో దానిలో సుమారు 3,30,000 మంది పిల్లలు, 600కు పైగా బడులు ఉన్నాయి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే నేపర్‌విల్, అరోరా వంటి శివారు ఊళ్లకు వేరే డిస్ట్రిక్టులు ఉన్నాయి. అందుచేత చికాగోలో ఒక నియమం, పక్క ఊరిలో మరొక నియమం ఉండవచ్చు. ఇది తెలియక మనవాళ్లు టీవీలో చికాగో పేరు వినగానే కంగారు పడేవారు.

మొదటి జనవరి

చికాగో బడులు 2020 మార్చి 17న మూతపడ్డాయి. ఆ సెప్టెంబరులో కొత్త విద్యాసంవత్సరం కూడా ఇంటి నుంచే మొదలైంది. ఇంటర్నెట్ లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి 2020 జూన్‌లో ఒక పథకం పెట్టి, లక్ష మంది దాకా పిల్లలకు ఉచిత కనెక్షన్ ఇస్తామన్నారు. శీతాకాలపు సెలవుల తర్వాత 2021 జనవరి 11న మొదటగా బడికి పిలిచినది అతి చిన్న పిల్లలను, ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలను. ఆ ఎంపిక సరైనదని నా అభిప్రాయం. నాలుగేళ్ల పిల్లకు, మాట సరిగా రాని పిల్లవాడికి తెర మీద పాఠం ఎంతవరకు అందుతుంది? ఫిజియోథెరపీని, స్పీచ్ థెరపీని కంప్యూటర్‌లో చేయించడం ఎంత కష్టమో ఆ తల్లులకే తెలుసు.

కాని అప్పటికి ఉపాధ్యాయులలో చాలామందికి టీకా అందలేదు. గదులలో గాలి ఆడడం గురించి వారికి నమ్మకం కుదరలేదు. ప్రతి తరగతి గదికి హెపా ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం ఇచ్చామని డిస్ట్రిక్ట్ చెప్పినా సందేహాలు పోలేదు. ఉపాధ్యాయుల సంఘం ఇంటి నుంచే పని చేస్తామని ఓటు వేయడంతో, వచ్చిన చిన్నపిల్లలను జనవరి 27 నుంచి మళ్లీ ఇంటికి పంపవలసి వచ్చింది. ఫిబ్రవరి 10న ఒప్పందం కుదిరింది. అయిదవ తరగతి వరకు మార్చి 1న, ఆరు నుంచి ఎనిమిది వరకు మార్చి 8న, హైస్కూలు పిల్లలు ఏప్రిల్ 19న తిరిగి వచ్చారు. రావడం, రాకపోవడం తల్లిదండ్రుల ఇష్టానికే వదిలారు. కోవిడ్ వలన ఎక్కువ మరణాలు చూసిన నల్లజాతి, లాటినో పేటలలో పిల్లలను పంపడానికి ఎక్కువమంది జంకారు. ఇంటిలో ఒకరిని పోగొట్టుకున్న తల్లికి "బడి సురక్షితం" అనే కాగితం చూపిస్తే చాలదు కదా.

పుల్ల ముక్కులో పెట్టగానే పరీక్ష అయిపోదు

2021 నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్ రకానికి పేరు పెట్టింది. డిసెంబరులో అమెరికాలో కేసులు వేగంగా పెరిగాయి. చికాగో డిస్ట్రిక్ట్ ఒక మంచి ఆలోచన చేసింది. సెలవులకు ముందు సుమారు 1,50,000 పి.సి.ఆర్. కిట్లను పిల్లల ఇళ్లకు పంపింది. సెలవుల చివరలో ఇంటి వద్దనే ముక్కు నుంచి నమూనా తీసి కొరియర్ డబ్బాలో వేయాలి. బడి తెరిచేలోగా ఫలితం వస్తుంది, పాజిటివ్ ఉన్న పిల్లలు ఇంటివద్ద ఆగిపోతారు. కాగితం మీద చాలా చక్కని ఏర్పాటు.

జరిగినది వేరు. డబ్బాలు నిండిపోయి, కిట్లు నేల మీద గుట్టలుగా పడి ఉన్న ఫోటోలు అందరూ చూశారు. జనవరి 1తో ముగిసిన వారంలో లెక్కకు వచ్చిన పరీక్షలు సుమారు 35,000. వాటిలో 24,000కు పైగా "ఇన్‌వాలిడ్" అని వచ్చాయి. ప్రయాణంలో జరిగిన ఆలస్యమే దీనికి ముఖ్య కారణమని చెప్పారు. మిగిలిన వాటిలో సుమారు 18 శాతం పాజిటివ్.

ఇన్‌వాలిడ్ అంటే నెగెటివ్ కాదని గమనించండి. ఆ నమూనా నుంచి ఏమీ చెప్పలేమని అర్థం. వ్యాధి ఉందా లేదా అన్నది పరీక్షకు ముందు ఎంత తెలియదో, తర్వాతా అంతే తెలియదు. మన ఆసుపత్రులలో కొత్తగా వచ్చే నర్సింగ్ విద్యార్థినులకు మొదట నేర్పేది ఇదే. నమూనా తీయడం పనిలో సగం కూడా కాదు. సీసా మీద పేరు, సమయం రాయాలి. మూత బిగించాలి. పి.సి.ఆర్. కోసం తీసిన వి.టి.ఎం. గొట్టాన్ని ఐసు పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, 72 గంటలలోగా ల్యాబుకు చేర్చాలి. ల్యాబు వారు అందుకున్నట్టు సంతకం తీసుకోవాలి. ఫలితం రాకపోతే మధ్యాహ్నం ఫోన్ చేసి అడగాలి. వార్డులో ఇంత మంది కనిపెట్టుకుని ఉంటేనే ఒక్కోసారి నమూనా దారి తప్పుతుంది. క్రిస్మస్ సెలవుల కొరియర్ రద్దీలో, మంచు కురిసే ఊరిలో లక్షన్నర డబ్బాల వెంట నడిచే మనిషి ఎవరు?

ఆ పరీక్షలు సరిగ్గా జరిగి ఉంటే తగువు రాకపోయేదని నేను అనను. కాని బడి గుమ్మం దగ్గర నిలబడిన ఉపాధ్యాయురాలికి, తల్లికి చేతిలో ఒక నమ్మదగిన లెక్క ఉండేది. అది లేకపోవడంతో భయం పెరిగింది.

బడీ లేదు, తెరా లేదు

2022 జనవరి 3, సోమవారం పిల్లలు బడికి వచ్చారు. మంగళవారం రాత్రి ఉపాధ్యాయుల సంఘం ఓటింగు జరిపింది. ఓటు వేసిన వారిలో 73 శాతం ఇంటి నుంచి బోధించడానికే మొగ్గు చూపారు. డిస్ట్రిక్ట్ అధికారి పెడ్రో మార్టినెజ్, మేయర్ లోరీ లైట్‌ఫుట్ దానికి ఒప్పుకోలేదు. బుధవారం నుంచి తరగతులు రద్దు చేశారు. రాత్రి పొద్దుపోయాక కబురు తెలిసిన తల్లులు తెల్లవారితే పనికి ఎలా వెళ్లాలి? చికాగో ప్రభుత్వ బడులలో ఎక్కువమంది తక్కువ ఆదాయం గల ఇళ్ల పిల్లలే. పగటి భోజనం బడిలో తినే పిల్లలకు ఆ రోజులలో పొట్లాలు కట్టి ఇచ్చే ఏర్పాటు చేశారు.

జనవరి 10 రాత్రి రాజీ కుదిరి, 12న పిల్లలు తిరిగి వచ్చారు. ఆ ఒప్పందంలో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కె.ఎన్.95 మాస్కులు, ప్రతి వారం కొందరు పిల్లలకు పరీక్షలు ఉన్నాయి. వీటికంటె నాకు నచ్చిన అంశం మరొకటి ఉంది. ఏ బడి ఎప్పుడు ఆన్‌లైన్‌కు మారాలో అంకెలతో రాసుకున్నారు. ఒక బడిలో కోవిడ్ వలన వరుసగా రెండు రోజులు 30 శాతం ఉపాధ్యాయులు రాకుండా ఉండి, బదులు వచ్చినవారిని కలుపుకున్నా కొరత 25 శాతం కంటె తగ్గకపోతే ఆ బడి ఆన్‌లైన్‌కు మారుతుంది. 40 శాతం పిల్లలు క్వారంటైన్‌లో ఉన్నా అంతే. నగరమంతా మూయనవసరం లేదు.

డ్యూటీ చార్టు వేసేవారికి ఈ అంకెల విలువ బాగా తెలుసు. ఒమిక్రాన్ సమయంలో ఏ ఆసుపత్రిలోనైనా నర్సులకే పాజిటివ్ వచ్చింది. ముగ్గురు సిస్టర్లు రాకపోతే నైట్ డ్యూటీ ఎవరు, అయిదుగురు రాకపోతే ఏ వార్డును ఏ వార్డులో కలపాలి, ఎంతమంది లేకపోతే అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయాలి అనేది ముందే గోడ మీద రాసి పెట్టుకోవాలి. మనుషులు అలసిపోయి, భయపడి ఉన్న రాత్రి కూర్చుని తేల్చుకుందామంటే తేలదు. చికాగో వారు ఈ అంకెలు డిసెంబరులోనే రాసుకుని ఉంటే పిల్లలకు ఆ ఐదు రోజులు పోయేవి కావని నా నమ్మకం. ఆ జనవరిలోనే అట్లాంటా నగర డిస్ట్రిక్ట్ మొదటి వారమంతా ఆన్‌లైన్ అని ముందే ప్రకటించి, తర్వాతి వారం బడులు తెరిచింది. అందులోనూ పిల్లలకు నష్టం ఉంది కాని, కనీసం పాఠం ఆగలేదు.

ఇంకొక సంగతి. చికాగోలో ప్రతి బడికీ పూర్తికాలపు నర్సు ఉండేది కాదు. 2019 అక్టోబరులో ఉపాధ్యాయులు 11 పనిదినాలు సమ్మె చేసినప్పుడు జీతాలతో పాటు ప్రతి బడికి ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్ కావాలని కూడా పట్టుబట్టారు. ఐదేళ్ల ఒప్పందంలో దాన్ని సాధించుకున్నారు. ఆ తర్వాత కొద్ది నెలలకే కోవిడ్ వచ్చింది. బడిలో నర్సు ఎందుకని అడిగేవారికి అంతకంటె జవాబు అక్కరలేదు.

ఇంటివద్ద ఉన్న పిల్లలు

బడి మూస్తే పిల్లలు క్షేమం అనుకోవడం సగం నిజమే. 2021 ఫిబ్రవరి, మార్చి నెలలలో 12 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లలు ఆత్మహత్యాయత్నం అనుమానంతో అమెరికా అత్యవసర విభాగాలకు రావడం 2019లో అదే సమయంతో పోల్చితే 51 శాతం ఎక్కువని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం తెలిపింది. 2021 డిసెంబరులో సర్జన్ జనరల్ వివేక్ మూర్తి పిల్లల మానసిక ఆరోగ్యంపై ప్రత్యేక హెచ్చరిక విడుదల చేశారు. చదువు సంగతి చెప్పాలంటే, 2022లో జరిగిన జాతీయ పరీక్షలో ఎనిమిదవ తరగతి లెక్కల సగటు 2019 కంటె 8 పాయింట్లు పడిపోయింది.

మన వద్ద కూడా అదే జనవరిలో ఇదే ప్రశ్న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సంక్రాంతి సెలవుల తర్వాత 2022 జనవరి 17న బడులు తెరిచింది. తెలంగాణ జనవరి 8న మొదలైన సెలవులను 30 వరకు పొడిగించి ఫిబ్రవరి 1న తెరిచింది. కృష్ణా నదికి ఈ ఒడ్డున ఒక మాట, ఆ ఒడ్డున మరొక మాట. ఆ జనవరి 3నే మన దేశంలో 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు కోవాగ్జిన్ టీకా మొదలైంది. 12 నుంచి 14 ఏళ్ల వారికి మార్చి 16 నుంచి కార్బెవాక్స్ ఇచ్చారు. రెండు టీకాలూ హైదరాబాదు సంస్థలు తయారుచేసినవే. మన పిల్లలలో ఎక్కువమందికి ఆన్‌లైన్ అంటే నాన్నగారి ఒక్క ఫోను. ఆయన పనికి వెళితే పాఠమూ ఆయనతోనే వెళ్లేది.

తల్లిదండ్రులు గమనించవలసినవి

ఇప్పుడు కోవిడ్ ఆ తీవ్రతలో లేదు. అయినా సెలవుల తర్వాత వచ్చే ఫ్లూ, వైరల్ జ్వరాలకు ఆ రోజుల్లో నేర్చుకున్నవి పనికివస్తాయి. పారాసిటమాల్ వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, మిగతా లక్షణాలు కూడా తగ్గుముఖం పడితేనే పిల్లవాడిని బడికి పంపండి. ఉదయం మాత్ర వేసి ఒళ్లు చల్లబడగానే పంపకండి. మధ్యాహ్నానికి జ్వరం మళ్లీ వస్తుంది, అప్పటికి పక్క పిల్లలకూ అంటుతుంది. బడికి వెళ్లిన మొదటి అయిదు రోజులు దగ్గు మిగిలి ఉంటే మాస్కు పెట్టించండి. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో మర్చిపోయారేమో సంచి సర్దేటప్పుడే చూసుకోండి. శ్వాస వేగంగా ఆడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మూత్రం తగ్గినా, మూడు రోజులు దాటి జ్వరం ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

బడి యాజమాన్యాన్ని మూడు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి. తరగతి గది కిటికీలు తెరుస్తున్నారా? పాఠం మధ్యలో పిల్లకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఎక్కడ పడుకోబెడతారు? చాలామంది పిల్లలు ఒకేసారి జబ్బుపడితే ఎంతమంది దగ్గర తరగతి ఆపుతారు, ఆ సంగతి ఇళ్లకు ఎలా తెలుపుతారు? మూడవ ప్రశ్నకు చాలా బడులలో జవాబు సిద్ధంగా ఉండదు. సెలవులకు ముందే అడగండి, హెడ్మాస్టరుగారికి ఆలోచించుకునే సమయం ఉంటుంది.