అరకులో మూడో జెండా, అమెరికాలో మూడో పార్టీ

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన టీవీ చర్చల్లో ఒక మాట తప్పదు: "అక్కడ ఉన్నవి రెండే పార్టీలు, మూడోవాడికి వేస్తే ఓటు మురిగిపోయినట్టే." అరకు సంతల్లో ఎన్నికల ముచ్చట వచ్చినా ఇదే మాట. రెండు చోట్లా అది సగమే నిజం.

అపోహ: మన్యంలో మూడోవాడు లెక్కలోకే రాడు.

2019 అరకు అసెంబ్లీ ఫలితం చూడండి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును కాల్చి చంపారు. ఆయన కుమారుడు శ్రావణ్‌కుమార్‌ను తెలుగుదేశం ప్రభుత్వం మంత్రిని చేసింది. అధికార పార్టీ టికెట్టు, మంత్రి హోదా, సానుభూతి అన్నీ ఉన్నాయి. అయినా ఆయన మూడో స్థానానికి జారి డిపాజిట్ పోగొట్టుకున్నారు. గెలిచింది వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి చెట్టి ఫాల్గుణ. రెండో స్థానంలో నిలిచింది ఏ పార్టీ జెండా లేని సియ్యారి దొన్నుదొర. స్వతంత్రులకు గుర్తు తేలేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. ఆ ఏడాది గడువు మార్చి 28, పోలింగ్ ఏప్రిల్ 11. ముంచంగిపుట్టు నుంచి అనంతగిరి దాకా ఆరు మండలాల కొండ ఊళ్లకు కొత్త గుర్తు మోసుకెళ్లడానికి చేతిలో ఉన్నది రెండు వారాలు. అయినా 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి.

పాత కథలూ ఉన్నాయి. చింతపల్లిలో సీపీఐ నుంచి గొడ్డేటి దేముడు రెండుసార్లు, భద్రాచలంలో సీపీఎం నుంచి కుంజా బొజ్జి మూడుసార్లు ఎమ్మెల్యేలయ్యారు.

అపోహ: 2024లో సీపీఎం ఓట్లు చీల్చబట్టే తెలుగుదేశం-జనసేన-బీజేపీ కూటమి అరకు ఎంపీ సీటు పోగొట్టుకుంది.

లెక్క పైపైన చూస్తే నిజమే అనిపిస్తుంది. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గుమ్మ తనూజారాణి బీజేపీ అభ్యర్థి కొత్తపల్లి గీతపై 50 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. గిరిజన సంఘం నాయకుడు పాచిపెంట అప్పలనరస సీపీఎం తరఫున నిలబడి 1.23 లక్షల ఓట్లు తెచ్చుకున్నారు. కానీ ఫలితం తారుమారు కావాలంటే ఆ ఓటర్లలో ప్రతి పదిమందిలో ఏడుగురికి పైగానే బీజేపీకి వేసి, మిగతావాళ్లే వైఎస్సార్ కాంగ్రెస్‌కు వేసి ఉండాలి. కాంగ్రెస్ మద్దతుతో నిలబడ్డ ఎర్రజెండాకు ఓటేసినవాళ్లు కమలం వైపు అంతగా మొగ్గుతారని ఎవరు నమ్ముతారు? పైగా ఈ లోక్‌సభ స్థానంలోని ఏడు అసెంబ్లీ సీట్లలో ఐదింటిని కూటమే గెలుచుకుంది. ఎమ్మెల్యే ఓటు సైకిలుకో గాజుగ్లాసుకో వేసిన చెయ్యి ఎంపీ ఓటు దగ్గర ఎందుకు ఆగింది? ఓటమికి కారణం వెతకాల్సింది అక్కడ.

చీలిక వాదన నిలబడే చోటు వేరే ఉంది. 2000లో ఫ్లోరిడాలో బుష్ మెజారిటీ 537 ఓట్లు, గ్రీన్ పార్టీ నాదర్‌కు వచ్చినవి 97 వేలకు పైన. అందులో పిడికెడు మంది బుష్ ప్రత్యర్థి వైపు మొగ్గినా అధ్యక్షుడే మారిపోయేవాడు.

అపోహ: నోటాకు ఎక్కువ ఓట్లు పడితే ఎన్నిక రద్దవుతుంది.

కాదు. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటా అందరికన్నా పైన ఉన్నా తర్వాతి అభ్యర్థే గెలిచినట్టు. అరకు ఎంపీ స్థానంలో 2019లో నోటాకు దాదాపు 48 వేలు పడ్డాయి. కొండవాళ్లు మీట తెలియక నొక్కారని పట్నంలో కూర్చుని తేల్చేస్తారు కొందరు. ఒకే రోజు ఎమ్మెల్యేకి ఒకలా, ఎంపీకి మరోలా ఓటేయగల వాళ్లకు ఆఖరి మీట ఒక్కటే తెలియదంటే నేనొప్పుకోను.

అపోహ: డబ్బుంటే అమెరికాలోనూ మూడోవాడు నెగ్గుకురాగలడు.

1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో దగ్గర డబ్బుకు కొదవ లేదు, దేశమంతటా దాదాపు 19 శాతం ఓట్లూ వచ్చాయి. ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. 1968లో జార్జ్ వాలెస్‌కు అంతకన్నా తక్కువ శాతమే వచ్చినా, బలం దక్షిణాది రాష్ట్రాల్లో పోగుపడి ఉండటంతో 46 దక్కాయి. ఎక్కువ రాష్ట్రాల్లో మొదట వచ్చినవాడికే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ పోతాయి మరి. అధ్యక్షుడు కావాలంటే 538లో 270 రావాలి. ఎవరికీ రాకపోతే ప్రతినిధుల సభ రాష్ట్రానికో ఓటు చొప్పున తేలుస్తుంది. ఆ సభ నిండా రెండు పార్టీలవాళ్లే.

బ్యాలెట్‌పై పేరెక్కడమూ అక్కడ గగనమే. స్వతంత్రుడికి ఒక్క కాలిఫోర్నియాలోనే రెండు లక్షలకు పైగా సంతకాలు కావాలి. అరకులో ఎంపీగా పోటీచేసే గిరిజన స్వతంత్రుడికి పదిమంది ప్రతిపాదకులు, 12,500 రూపాయల డిపాజిట్ చాలు.

అపోహ: గెలవని పార్టీ వల్ల ఒరిగేదేమీ లేదు.

1892లో పాపులిస్టు పార్టీ అమెరికాలో ఓడింది. అది అడిగిన ఆదాయపు పన్ను, సెనేటర్లకు నేరుగా ఎన్నిక 1913లో రాజ్యాంగ సవరణలయ్యాయి. మన కొండల్లో బాక్సైట్ తవ్వకాలపై వామపక్షాలు, గిరిజన సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2015లో జెర్రెల అడవుల్లో తవ్వకాలకు దారి తీస్తూ జీవో 97 వచ్చినప్పుడు అదే నినాదాన్ని వైఎస్సార్ కాంగ్రెస్ అందుకుంది, 2019లో అధికారంలోకి వచ్చాక ఆ అనుమతులను రద్దు చేసింది. ఆ ఏడాది రాష్ట్ర అసెంబ్లీలో ఎర్రజెండాకు ఒక్క సీటూ లేదు.